ఆరేళ్ళకు వచ్చే ఆరో పన్ను



వైద్య శిబిరం పెట్టిన ప్రతిచోటా పళ్ళ డాక్టరు గారి కుర్చీ దగ్గరే పొడవాటి వరుస కనిపిస్తుంది. అందులో సగం మంది మన బడుల పిల్లలే. చెంప వాచినవారు, రాత్రంతా ఏడ్చి వచ్చినవారు, నాలుగు రోజులుగా ఒక పక్కనే నమిలి తింటున్నవారు. డాక్టరు గారు చూస్తారు, పీకవలసింది పీకుతారు, మాత్రలు రాస్తారు. వెళ్ళేటప్పుడు ప్రతి బిడ్డ చేతిలో ఒక బ్రష్షు, చిన్న పేస్టు పెడతాం. అక్కడితో ఆ ఏటికి పళ్ళ సేవ ముగుస్తుంది. బాధలో ఉన్న బిడ్డకు ఆ రోజు ఊరట దొరికింది, అది పుణ్యకార్యమే, సందేహం లేదు. కానీ తరగతి గదిలో ఏడాది పొడుగునా ఆ పిల్లల నోళ్ళను చూసే ఉపాధ్యాయులుగా మేము ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఒకటే. దాతల సొమ్ములో పెద్ద భాగం పన్ను పీకే రోజుకు కాక, పన్ను మొలిచే రోజుకు చేరాలి. ముఖ్యంగా ఆరేళ్ళ వయసులో, ఇంట్లో ఎవరికీ తెలియకుండా మొలిచే ఒక పన్నుకు చేరాలి.

పాలపళ్ళే కదా!

ముందు పాలపళ్ళ సంగతి. తల్లిదండ్రుల సమావేశంలో పళ్ళ మాట ఎత్తితే తల్లులు అనే మొదటి మాట, "పాలపళ్ళే కదా టీచర్, ఎట్లాగూ ఊడిపోయేవే!" ఊడిపోయేవే, నిజం. ఎప్పుడు ఊడతాయన్నదే ప్రశ్న. పాలపళ్ళు మొత్తం 20. సుమారు ఆరు నెలలకు కింది ముందు పళ్ళతో మొదలై రెండున్నర, మూడేళ్ళకు అన్నీ వచ్చేస్తాయి. ముందు పళ్ళు ఆరేడేళ్ళకు ఊడతాయి. వెనుక ఉన్న పాల దవడ పళ్ళు మాత్రం పదేళ్ళు, పన్నెండేళ్ళ దాకా ఉండవలసినవి. నాలుగేళ్ళ బిడ్డకు దవడ పన్ను పుచ్చిందంటే ఆ పన్నుతో ఇంకా ఆరేడేళ్ళు అన్నం నమలాలి. బాధ పడలేక మెత్తటి బన్ను, టీలో ముంచిన బిస్కెట్టు మీదే బతికే పిల్లలను మేము చూస్తూనే ఉంటాం. అవే మళ్ళీ పుచ్చును పెంచుతాయి.

పాలపన్ను కింద రాబోయే పన్నుకు చోటు కాపలా కాస్తుంది. వెనుక పన్నును తొందరపడి పీకేస్తే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి వాలుతాయి. తర్వాత వచ్చే పన్ను దారి దొరక్క వంకరగా వస్తుంది. పాలపన్ను వేరు దగ్గర చీము పట్టి ఎక్కువ కాలం ఉంటే కింద తయారవుతున్న పన్నుకే మచ్చ పడవచ్చు.

మన పిల్లల విషయంలో మరొకటి ఉంది, డాక్టర్లు సాధారణంగా చెప్పనిది. మక్తబులో ఖాయిదా నేర్పే హాఫిజ్ సాబులకు బాగా తెలిసినది. అరబ్బీ అక్షరాల మఖారిజ్‌లో ముందు పళ్ళ పని చాలా ఉంది. 'ఫా' పలకాలంటే పై ముందు పళ్ళ అంచు కింది పెదవి లోపలి వైపు తాకాలి. 'థా', 'ధాల్', 'జోయ్' పలకాలంటే నాలుక కొస పై ముందు పళ్ళ అంచుకు చేరాలి. ఆరేడేళ్ళకు సహజంగా పన్ను ఊడి కొన్ని నెలలు ఇబ్బంది పడటం వేరు, అది దానంతటదే సర్దుకుంటుంది. మూడేళ్ళకే సీసా పాలతో పై పళ్ళు నాలుగూ అరిగి మొండాలైన బిడ్డ, సరిగ్గా అక్షరాలు నేర్చుకునే మూడు నాలుగేళ్ళూ ఆ చోటు లేకుండానే గడుపుతాడు. తెలుగులో 'ఫ', 'వ' పలకడంలోనూ అదే తంటా. పిల్లవాడు మొద్దు కాదు, నోట్లో అక్షరం ఆనే చోటు లేదు, అంతే.

ఎవరూ గమనించని పన్ను

ఇక అసలు సంగతి. ముందు పన్ను ఊడి కొత్తది వస్తే ఇల్లంతా చూస్తుంది. ఆరేళ్ళ దవడ పన్నుకు ఆ భాగ్యం లేదు. అది ఏ పన్నూ ఊడిన చోట రాదు. పాల దవడ పళ్ళన్నిటి వెనుక, ఖాళీగా ఉన్న చిగురును చీల్చుకుని, పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు వస్తాయి. ఏదీ ఊడలేదు కాబట్టి ఇది కూడా పాలపన్నే అనుకుంటారు. కానీ ఇది శాశ్వత దంతం. అరవై, డెబ్బై ఏళ్ళు నమలవలసిన పన్ను. పోతే దాని చోట మరొకటి రాదు.

గుర్తుపట్టడానికి మేము పిల్లలకు ఒక లెక్క నేర్పుతాం. ముందు పళ్ళ నడుమ నుంచి ఒక పక్కకు లెక్కపెట్టుకుంటూ పోవాలి. ఒకటి, రెండు ముందు పళ్ళు. మూడు కోరపన్ను. నాలుగు, ఐదు పాల దవడ పళ్ళు. ఆరోది వచ్చిందంటే అదే ఆ పన్ను. ఆరేళ్ళకు ఆరో పన్ను, ఇలా చెప్తే అమ్మలకు కూడా మరిచిపోవడం కష్టం. కొందరికి ఐదున్నరకే వస్తుంది, కొందరికి ఏడు దాటుతుంది. కంగారు పడక్కరలేదు.

ఈ పన్ను త్వరగా పుచ్చడానికి కారణాలు దాని పుట్టుకలోనే ఉన్నాయి. పైభాగమంతా లోతైన గీతలు, గుంటలు. వాటిలో బ్రష్షు వెంట్రుక కూడా దూరదు. మొలవడానికి నెలల కాలం పడుతుంది, ఆ కాలమంతా పక్క పళ్ళ కంటే కిందుగా ఉండి బ్రష్షుకు అందదు. కొత్తగా వచ్చిన పన్ను పై పొర ఇంకా గట్టిపడి ఉండదు. వీటన్నిటి మీద, బిడ్డకు ఆరేళ్ళు వచ్చాయి కదా, తనే తోముకుంటాడులే అని ఇంట్లో చేయి వదిలేసే వయసు కూడా అదే.

మా దగ్గర మూడో తరగతి చదివే ఒక బాబుకు ఒక ఊరి శిబిరంలో కింది దవడ పన్ను పీకారు. ఇంటివాళ్ళు పాలపన్ను అనుకునే సంతకం పెట్టారు. వాళ్ళ నానీ మా దగ్గరకు వచ్చి, "కొత్త పన్ను ఎప్పుడొస్తుంది టీచరమ్మా?" అని అడిగింది. బాబుకు తొమ్మిదేళ్ళు. ఆ పన్ను ఇక రాదు. ఆ శిబిరంలో డాక్టరు గారిది తప్పని మేము అనము. అప్పటికి పన్ను మిగలలేదు, పీకక తప్పలేదు. దాన్ని కాపాడవలసిన రోజు మూడేళ్ళ క్రితమే దాటిపోయింది.

కాపాడటం ఎలా? పన్ను పూర్తిగా పైకి వచ్చిన కొద్ది నెలల్లో ఆ గుంటలను పలచటి పూతతో మూసేయవచ్చు. దాన్ని సీలెంట్ అంటారు. సూది లేదు, డ్రిల్లు లేదు, నొప్పి లేదు. పన్నును శుభ్రం చేసి, ఆరబెట్టి, పూత వేసి, దీపం చూపి గట్టిపరుస్తారు. ఒక్కో పన్నుకు కొద్ది నిమిషాల పని. అప్పుడప్పుడు ఊడిందేమో చూసి మళ్ళీ వేయించాలి. పన్నెండేళ్ళకు దాని వెనుక ఏడో పన్ను వస్తుంది, దానికీ ఇదే చేయించవచ్చు. సీలెంట్ కుదరని చోట ఆరు నెలలకు ఒకసారి ఫ్లోరైడ్ వార్నిష్ పూయిస్తారు. ఇంకా పళ్ళు రాలని చిన్నపిల్లలకూ ఇది పనికొస్తుంది.

పుచ్చు ఎలా పడుతుంది

పిల్లలకు మేము చెప్పే పాఠం ఇది. పంటి మీద పాచి ఉంటుంది. పాచి అంటే మురికి కాదు, కంటికి కనబడని సూక్ష్మజీవుల కాపురం. మనం తీపి తిన్న ప్రతిసారీ అవి కూడా తింటాయి, తిని ఆమ్లం వదులుతాయి. ఆ ఆమ్లం పంటి పై పొరలోని సున్నపు పదార్థాన్ని కరిగిస్తుంది. తర్వాత లాలాజలం మెల్లగా ఆ ఆమ్లాన్ని కడిగి, కరిగినదాన్ని కొంత తిరిగి నింపుతుంది. దానికి సుమారు అరగంట నుంచి గంట పడుతుంది. ఆ లోపలే మరో బిస్కెట్టు పడితే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది.

ఇందులో దాతలు కూడా గమనించవలసిన మాట, ఎంత తీపి తిన్నారన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నది ఎక్కువ హాని చేస్తుంది. భోజనం తర్వాత ఒక్కసారి ఖుబానీ కా మీఠా పెట్టినా పన్నుకు పెద్ద ముప్పు లేదు. జేబులో చాక్లెట్లు వేసుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చప్పరించే బిడ్డకు ముప్పు. సూరా అప్పజెప్పినందుకు చాక్లెట్, హాజరు బాగున్నందుకు చాక్లెట్, ఆగస్టు 15న చాక్లెట్, పుట్టినరోజుకు చాక్లెట్. బడులూ మక్తబులూ ఇనాముగా ఇచ్చే ఈ చాక్లెట్లను ముందు ఆపాలని మా మనవి. పెన్సిలు ఇవ్వండి, రబ్బరు ఇవ్వండి, వేరుశెనగలు ఇవ్వండి. బెల్లం, తేనె సహజమైనవి కాబట్టి పన్నుకు చేటు చేయవనుకునేవారూ ఉన్నారు. సూక్ష్మజీవికి ఆ తేడా తెలియదు. పాలపీకకు తేనె రాసి నోట్లో పెట్టడం అన్నిటికంటే చెడ్డది. ఏడాది నిండని బిడ్డకు తేనె అసలు పెట్టవద్దని పిల్లల డాక్టర్లు చెప్పేది వేరే కారణం చేత, అదీ గుర్తుంచుకోవాలి.

రాత్రి నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. అందుకే నోట్లో పాల సీసాతో నిద్రపోయే బిడ్డకు పై ముందు పళ్ళు ముందుగా పోతాయి. మొదట చిగురు అంచున సుద్దతో గీసినట్టు తెల్లటి గీత వస్తుంది. తల్లులు వారానికి ఒకసారి బిడ్డ పై పెదవి ఎత్తి వెలుతురులో చూస్తే చాలు. తెల్ల గీత దశలో పట్టుకుంటే తోమడంతో, ఫ్లోరైడ్ పూతతో వెనక్కి మళ్ళించవచ్చు. గోధుమరంగుకు తిరిగి గుంట పడ్డాక మళ్ళదు.

రంజాన్ నెలలో ఇంకో కష్టం. పెద్దలతో పాటు చిన్నవాళ్ళూ సహరీకి లేస్తారు, సేమియానో ఖర్జూరమో తిని అలాగే నిద్రపోతారు. ఇఫ్తారు నుంచి తరావీహ్ దాకా షర్బత్తు గుటక గుటకగా సాగుతుంది. రోజాలో పేస్టు వాడకం గురించి పెద్దలు తమ ఉలమాలను అడుగుతారు. నాలుగేళ్ళ బిడ్డకు ఆ ప్రశ్నే లేదు కదా, సహరీ తిన్నాక ఒక నిమిషం తోమి పడుకోబెట్టండి.

మిస్వాకూ, బ్రష్షూ

మిస్వాక్ మనకు సున్నత్. దైవప్రవక్త ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వసల్లం నోటి శుభ్రతను ఎంతగా తాకీదు చేశారో హదీసులు చదివేవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. పీలూ చెట్టు వేరుతో చేసే ఆ పుల్లను వాడే అలవాటున్న చోట్ల ప్రోత్సహించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే సూచించింది. మన పల్లెల్లో వేపపుల్ల, గానుగపుల్ల చేసిన పనీ ఇదే. కనుక బ్రష్షు మిస్వాకుకు పోటీ కాదు. అయితే ఐదేళ్ళ బిడ్డ చేతికి పుల్ల ఇస్తే ముందు పళ్ళు మాత్రమే రుద్దుకుంటాడు, చిగురు గీసుకుంటాడు, వెనుక ఆరో పన్ను దాకా పుల్ల పోదు. చిన్నవాళ్ళకు చిన్న తల ఉన్న మెత్తటి బ్రష్షే తగినది. బొగ్గు, ఇటుకపొడి, ఉప్పు వేసి రుద్దడం పంటిని అరగదీస్తుంది. పొగాకు కలిపిన పళ్ళపొడిని మన దేశంలో 1992లోనే నిషేధించారు. అయినా కొన్ని ఇళ్ళలో నానమ్మల డబ్బా నుంచి మనవలకు అందుతూనే ఉంది.

పేస్టు ఎంత? మూడేళ్ళ లోపు బియ్యపుగింజంత. మూడు నుంచి ఆరేళ్ళ దాకా బఠాణీగింజంత. టీవీ ప్రకటనలో చూపినట్టు బ్రష్షు నిండా కాదు. అట్ట మీద ఫ్లోరైడ్ దాదాపు 1000 పీపీఎం అని ఉన్నది తీసుకోవాలి. మన దేశంలో పేస్టులో అంతకు మించకూడదన్నది నియమం. బొమ్మలు వేసిన కొన్ని పిల్లల పేస్టుల్లో ఫ్లోరైడ్ అసలు ఉండదు, కొన్నింటిలో చాలా తక్కువ, ధర మాత్రం ఎక్కువ. గ్లిజరిన్ దేని నుంచి తీశారో అని సందేహించేవారు ఆకుపచ్చ చుక్క ఉన్న పెట్టె చూసి కొనవచ్చు.

ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా పెద్దవాళ్ళే తోమాలి, లేదా పిల్లలు తోమాక ఒకసారి తోమి ముగించాలి. చొక్కా గుండీలు సరిగా పెట్టుకోలేని చేతికి వెనుక పన్ను తోమడం ఎలా వస్తుంది? బిడ్డను ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని వెనుక నుంచి తోమడం సులువు. తోమాక ఉమ్మేస్తే చాలు, గ్లాసు నీళ్ళతో పుక్కిలించవద్దు. పంటి మీద మిగిలిన ఆ కొంచెం పేస్టే రాత్రంతా పని చేసేది. అందుకని రాత్రి తోమడం ఇషా నమాజు, భోజనం అయ్యాక పెట్టుకోవాలి. ముందే తోముకుంటే ఉజూలో పుక్కిలించినప్పుడు ఆ పూత కడిగిపోతుంది.

నల్లగొండ, ప్రకాశం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఫ్లోరైడ్ పేరు వింటేనే భయపడతాయి. ఆ భయానికి కారణం ఉంది. 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును వైద్యులు గుర్తించి రాశారు. నల్లగొండ నీటి బాధ లోకానికంతా తెలుసు, నీటిలో ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టారు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా అనుమతి. అంతకు మించిన నీరు ఏళ్ళ తరబడి తాగితే, పళ్ళు లోపల తయారవుతున్న వయసులో మచ్చలు పడతాయి. ఆ మచ్చ పన్నులోనే ఉంది, ఎంత రుద్దినా పోదు. ఆ పిల్లలను పళ్ళు తోముకోలేదని తిట్టడం అన్యాయం. పేస్టు సంగతి వేరు. అది పంటి పైన పని చేసి ఉమ్మేసేది, మింగేది కాదు. అలాంటి ఊళ్ళలో ముందు నీటిని మార్చాలి, ఆరేళ్ళ లోపు బిడ్డకు ఏ పేస్టు అన్నది డాక్టరును అడగాలి.

దాతల సొమ్ము ఎక్కడ పెట్టాలి

బ్రష్షు చేతికిచ్చి ఇంటికి పంపితే ఏమవుతుందో మాకు తెలుసు. ఒక వారం వాడతారు, తర్వాత అన్న వాడతాడు, తర్వాత కుట్టుమిషను తుడవడానికి పనికొస్తుంది. అదే బ్రష్షు బడిలోనే ఉండి, మధ్యాహ్న భోజనం తర్వాత టీచరు ఎదుట పిల్లలంతా రెండు నిమిషాలు తోమితే అలవాటు నిలుస్తుంది. స్కాట్లాండ్‌లో చైల్డ్‌స్మైల్ పేరుతో నర్సరీల్లో ఇదే చేశారు. ఐదేళ్ళ పిల్లల పళ్ళ చికిత్సకు ప్రభుత్వం పెట్టే ఖర్చు సగానికి పైగా తగ్గింది. స్కాట్లాండ్ డబ్బున్న దేశం అంటారా? ఫిలిప్పీన్స్ సర్కారు బడుల్లోనూ చేతులు కడగడం, పళ్ళు తోమడం రోజువారీ పనిగా పెట్టారు, వెదురుకు చిల్లులు పొడిచి నీటి గొట్టాలుగా వాడిన బడులూ ఉన్నాయి.

లెక్క చూద్దాం. 40 మంది పిల్లల తరగతి, ఏడాదికి 220 బడి రోజులు. బఠాణీగింజంత పేస్టు సుమారు పావు గ్రాము. 40 ఇంటూ 220 ఇంటూ పావు, మొత్తం 2,200 గ్రాములు. అంటే 100 గ్రాముల పేస్టులు 22. మూడు నెలలకు ఒక బ్రష్షు చొప్పున బడి ఏడాదికి 120 బ్రష్షులు. మీ ఊరి హోల్‌సేల్ దుకాణంలో ధర అడిగి మీరే గుణించుకోండి. ఒక తరగతి ఏడాది ఖర్చు వచ్చేస్తుంది. శిబిరంలో ఒక పూట షామియానా, భోజనాలు, ఫ్లెక్సీల పద్దు పక్కన పెట్టి చూస్తే సంగతి బోధపడుతుంది. ఫ్లెక్సీ మాట అన్నందుకు కమిటీ పెద్దలు మన్నించాలి.

రెండోది, ఒకటి, రెండు తరగతుల పిల్లలందరికీ ఏటా ఆరో పన్ను చూపించి సీలెంట్ వేయించడం. ఇది టీచర్ల వల్ల అయ్యే పని కాదు, డాక్టరు కావాలి. ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు వస్తాయి, వారు చూసే వాటిలో పళ్ళ జబ్బులూ ఉన్నాయి. వారు రాసిచ్చిన చీటీ చాలాసార్లు పుస్తకం మధ్యనే ఉండిపోతుంది, ఎందుకంటే కూలికి పోయే తల్లి ఒక రోజు కూలి వదులుకుని పట్నం పోలేదు. హైదరాబాదు, విజయవాడ, కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. ఆ చీటీలున్న పిల్లలను నెలకొకసారి ఒక ఆటోలోనో వ్యానులోనో తీసుకువెళ్ళి తీసుకొచ్చే ఖర్చును ఒక దాత భరించినా చాలా మంది పళ్ళు నిలుస్తాయి.

మూడోది, ఇప్పటికే పుచ్చిన పాలపళ్ళు. అన్నిటినీ పీకక్కరలేదు. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే ద్రవాన్ని పుచ్చు మీద చుక్క అద్దితే చాలావాటిలో పుచ్చు ఆగుతుంది. గ్లాస్ అయొనోమర్ అనే సిమెంటును చేతి పరికరాలతోనే, కరెంటు లేకుండా నింపవచ్చు. ఈ రెంటినీ, ఫ్లోరైడ్ పేస్టునూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఒక హెచ్చరిక. సిల్వర్ పూసిన పుచ్చు నల్లగా మారుతుంది. ముందు పళ్ళకు పూసేముందు తల్లికి ఆ సంగతి చెప్పి, ఒప్పుకున్నాకే పూయాలి. చెప్పకపోతే రెండో రోజే "మా అమ్మాయి పళ్ళు నల్లగా చేశారు" అని బడి మీదకు వస్తారు. వాళ్ళు రావడం న్యాయమే కూడా.

జకాతు సొమ్ము వీటిలో దేనికి చెల్లుతుంది, దేనికి సదకా, లిల్లాహ్ సొమ్ము వాడాలి అన్నది ఉలమాలను అడిగి కమిటీ నిర్ణయించాలి. పేద బిడ్డ చికిత్స వేరు, బడి అంతా వాడుకునే నల్లా వేరు.

నల్లా అన్నాం కాబట్టి ఒక చిన్న సంగతి. బ్రష్షులన్నీ ఒకే డబ్బాలో తలకిందులుగా కుక్కితే ఒకరి నోటిది ఒకరికి అంటుతుంది. చెక్క పలకకు 40 మేకులు కొట్టి, ఒక్కో మేకు పక్కన బిడ్డ పేరు రాసి, బ్రష్షులు ఒకదానికొకటి తగలకుండా వేలాడదీయాలి. పేస్టును టీచరే ఒక పళ్ళెంలో చుక్కలుగా పెడితే పిల్లలు వచ్చి అద్దుకుంటారు, ట్యూబు ఎవరి బ్రష్షుకూ తగలదు. పలక, మేకులు, నాలుగు కుళాయిలు, పిల్లల ఎత్తుకు తగ్గ ఒక అద్దం. అద్దం మరవవద్దు, ఆరో పన్ను వచ్చిందో లేదో చూసుకోవడానికి పిల్లలు రోజూ దాని ముందు వరుస కడతారు.